ఐదో పువ్వు

పెట్టె మీద రెండు నెలలని అచ్చేశారు.
ఆ అచ్చేసినాయన ఆషాఢంలో నరసాపురం రాలేదు.
మా వీధి చివరి పంపు కింద
తెల్లగిన్నె పెట్టి చూడలేదు.

మూడు టేబులు గుడ్డల లేసు కూలితో
పాలకొల్లు వర్ధనం కొట్లో కొన్నాను ఈ జగ్గు.
మూత మీద నాలుగు గళ్ళున్నాయి,
పదిహేను రోజులకొకటి చెరుగుతుంది.
ఆ గళ్ళకి రోజులు తెలుసు, నీళ్ళు తెలియవు.

నాకు పువ్వులు తెలుసు.

కొత్త గొట్టం బిగించిన రోజు
జగ్గు నింపి గుమ్మంలో కూర్చుంటే
సూది మీద రెండు పువ్వులు పూర్తయ్యేసరికి
పైగది ఖాళీ.
ఎర్రనీళ్ళొచ్చాక మూడు.
శ్రావణం సగానికి నాలుగు.
ఐదో పువ్వుకి దారం చుట్టానంటే
లోపల గోదారి గట్టుకట్టేసిందన్నమాట.
మార్గశిరంలో వేసింది మాత్రం
మూడు నెలలైనా మూడో పువ్వు దాటదు.
అప్పుడు కాలవకే సిగ్గెక్కువ, మట్టి పైకి రానివ్వదు.

కనకరత్నం నవ్వుతుంది,
"లేసుకీ నీళ్ళకీ ఒకటే లెక్కేంటే నీకు?"
తను ఒకసారి గొట్టాన్ని సబ్బెట్టి ఉతికి
తీగ మీద ఆరేసింది.
వారం రోజులు వాళ్ళింట్లో టీ నురగలు కక్కింది.
అది చొక్కా కాదే తల్లీ, ఎండకూడదు,
ఊరెళ్తే తడిగుడ్డ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టు,
కొత్తది వేశాక మొదటి రెండు జగ్గులూ
కనకాంబరాలకి పొయ్యి, నల్లనుసి దిగాలి,
కిటికీలో పెట్టకు, ఎండ పడితే పాచి పడుతుంది,
పీచుతో తోమకు, ఆ గీతల్లో మురికి కాపురం పెడుతుంది.
అన్నీ విని
"మరి మరగబెట్టక్కర్లేదా?" అంది.
అక్కర్లేదని ఎవరన్నారు!

మా అత్త వెంకాయమ్మ
బిందె లోపలి అంచుకి ఇందుపగింజ అరగదీసేది.
తెల్లారేసరికి మట్టంతా అడుగున, నీళ్ళు పైన.
గింజ శనగబద్దంత అయ్యేదాకా వాడేది.
అది అరగడం కంటికి ఆనేది.
ఈ గొట్టం అరగదు, నిండుతుంది.
బయటికి రెండూ ఒకేలా తెల్లగా,
కొత్తదీ, చచ్చిందీ.

ఉండబట్టలేక పాతదాన్ని కత్తిపీట మీద కోశాను.
నువ్వులంత నల్లగుళికలు ఒళ్ళోకి జారాయి.
"కొబ్బరిచిప్ప బొగ్గండీ" అన్నాడు వర్ధనం.
మన చిప్పలే!
అంబాజీపేటలో లారీ ఎక్కి
ఎక్కడో కాలి
ఆరొందల యాభైకి ఇంటికొచ్చాయి.
ఆ రాత్రి పచ్చడికి కాయ కొట్టి
చిప్ప పారెయ్యబోయి
కాసేపు అలా పట్టుకునే ఉన్నాను.

ఉప్పు మాత్రం దీనికి లొంగదు.
వైశాఖంలో కాలవలు కట్టేశాక
చెరువులగట్టు బోరు నీళ్ళు పోశాను,
రెండో పువ్వు కాకముందే దిగిపోయాయి
అద్దంలా.
మురిసిపోయి నోట్లో పోసుకుంటే
ఊరగాయ జాడీ కడిగిన నీళ్ళు.
నా లెక్క నాలికని అడగలేదు.

ఏజెంటు జోగిరాజు పువ్వుకి రెండున్నర ఇస్తాడు.
గొట్టానికి రెండొందల అరవై పువ్వులు.
అందుకని నాలుగుకీ ఐదుకీ మధ్య
నేను కొంచెం దొంగలెక్క వేస్తాను.
సూది నెమ్మదిగా నడుపుతాను,
ముడి విప్పి మళ్ళీ వేస్తాను,
దారం ఉండ దొర్లితే తీరిగ్గా లేస్తాను.

ఇవాళ నాలుగో పువ్వు ఆఖరి రేక మీద ఉన్నాను.
పైగదిలో ఇంకా రెండు వేళ్ళ నీళ్ళు.
సుగంధి బడినించి వచ్చి
చల్లార్చిన నీళ్ళ చెంబు వంపి చూసింది, ఖాళీ.
గ్లాసు పట్టుకుని జగ్గు పక్కన నిలబడింది.
చుక్క.
చుక్క.
జగ్గుని చూసి, నా చేతిని చూసి,
"సూది ఆపేశావేంటమ్మా?" అంది.